లాక్రోస్ గురువు గేలార్డ్ పౌలెస్

ఒక ఆటను సృష్టించిన జాతివారినే ఆ ఆటకు దూరము చేయుట వింతగా తోచును. లాక్రోస్ క్రీడ విషయమున జరిగినది అదియే. ఆ అన్యాయము పిమ్మట వచ్చిన తరములలో గేలార్డ్ పౌలెస్ జీవితము స్మరింపదగినది.

లాక్రోస్ ఉత్తర అమెరికా ఆదివాసుల ఆట. పొడవైన కర్ర చివర చిన్న వల యుండును. ఆటగాండ్రు బంతిని ఆ వలతోనే పట్టి, మోసికొని పరుగిడి, గోలులోనికి విసరవలెను. న్యూయార్కు, ఒంటేరియో ప్రాంతములలోని హోడెనోషోని జాతులవారికి ఇది వినోదము మాత్రమే కాదు. సృష్టికర్త ప్రసాదించిన ఆట. రోగి స్వస్థతకై కూడ దీనిని ఆడుదురు. మగశిశువు ఊయలలో చిన్న కర్ర నుంచు ఆచారము వారిలో కలదు.

మాంట్రియల్ దంతవైద్యుడు విలియం జార్జ్ బీర్స్ 1867లో ఈ ఆటకు నియమావళిని స్థిరపరచెను. 1876లో మొహాక్ ఆటగాండ్రు బ్రిటనుకు పోయి విక్టోరియా రాణి సమక్షమున ఆడిరి. అయినను 1880లో కెనడా జాతీయ సంఘము ఆదివాసులను తన పోటీలనుండి తొలగించెను. కారణమేమి? ప్రయాణపు ఖర్చులకై వారు ధనము స్వీకరించుచుండిరి. కావున వారు వృత్తి క్రీడాకారులట, ఔత్సాహికులతో ఆడరాదట! స్థితిమంతుడైన నగరవాసికి డబ్బు ముట్టకుండుట సులభము. కూలి మానుకొని రైలెక్కవలసిన పేదవానికి అది సాధ్యమా? నియమము డబ్బును గూర్చినది. దెబ్బ తగిలినది జాతికి.

1931లో మాంట్రియల్ హాకీ జట్టు యజమానులు, వేసవిలో ఖాళీగా నుండు మంచుశాలలలో లాక్రోస్ ఆడించిరి. 'బాక్స్ లాక్రోస్' అను ఈ క్రొత్త పద్ధతి ఆదివాసులకు మరల ద్వారము తెరచెను. సిక్స్ నేషన్స్ నివాసి రాస్ పౌలెస్ ఆ ద్వారమున ప్రవేశించి, 1951 నుండి 1954 వఱకు వరుసగా నాలుగేండ్లు పీటర్‌బరో జట్టుతో మాన్ కప్పు గెలిచెను.

1946లో జన్మించిన గేలార్డ్ ఆయన కుమారుడు. నేర్పరియగుటచేతను, ఆదివాసి యగుటచేతను ప్రత్యర్థులు అతనిని మోటుగా కొట్టుచుండిరి. దెబ్బకు దెబ్బ తీయవలదు, గోలు చేయుటయే ప్రతీకారమని తండ్రి బోధించెను. కుమారుడు ఆ మాట నిలుపుకొనెను. జిమ్ బిషప్ శిక్షణలో ఓషావా యువజట్టున చేరి, 1964 మొదలు 1967 వఱకు ప్రతి యేటను కెనడా యువ విజేతలకిచ్చు మింటో కప్పు సాధించెను. 1968లో డెట్రాయిట్ జట్టున వృత్తి క్రీడాకారు డయ్యెను. పూర్వికులను వెలివేసిన మాటయే మనుమనికి గౌరవ మయ్యెను.

ఆట విరమించిన పిదప అతడు స్వస్థలమునకు మరలి బాలురకు శిక్షణ నిచ్చెను. కప్పుల లెక్కకంటె ఇది గొప్పదని నా అభిప్రాయము. నిషేధము నియమముతో ఒకనాడే వచ్చినది. పోగొట్టుకొన్నది తిరిగి వచ్చుట మాత్రము తండ్రి కొడుకునకు, కొడుకు ఊరి పిల్లలకు చేతితో అందించుటవలననే జరిగినది. 1983లో హోడెనోషోనివారు సొంత జట్టు నేర్పరచుకొని, 1990లో పెర్త్ నగరమున ప్రపంచ పోటీలలో ఆడిరి.

గేలార్డ్ 2001లో మరణించెను. 2017లో కెనడా క్రీడా ప్రముఖుల మందిరమున అతనికి స్థానము లభించెను. ఒహ్‌స్వెకెన్ గ్రామమున ఒక క్రీడాశాల అతని పేరు ధరించి యున్నది. బిరుదుల మందిరముకంటె, పిల్లలు కర్రలతో పరుగిడు ఆ శాలయే ఈ గురువునకు తగిన స్మారకము.