కొండలు ఓడించలేని మనిషి

1999 జూన్ 5 ఉదయం, ఇటలీ ఆల్ప్స్‌లోని మడోన్నా డి కంపీలియోలో మార్కో పంతానీ చేతి నుంచి కాస్త రక్తం తీసుకున్నారు. జిరో ద ఇటాలియా సైకిల్ పోటీలో అప్పటికి అతను అయిదున్నర నిమిషాల పైచిలుకు ముందున్నాడు. ముందురోజే ఆ ఊళ్లో స్టేజి గెలిచాడు. ఇక మిగిలినవి రెండే రోజులు. ఆ రోజు దాటాల్సిన కొండల్లో మోర్తిరోలో ఒకటి. అయిదేళ్ల కిందట, 24 ఏళ్ల కుర్రాడిగా ఉన్నప్పుడు అతని పేరు ఇంటింటికీ తెలిసేలా చేసిన కొండ అదే. ముందున్నవాడు వేసుకునే గులాబీ జెర్సీలో అతను దాన్ని ఎక్కుతుంటే చూడాలని జనం కాచుకుని ఉన్నారు. పంతానీ రాలేదు.

అతనిది ఆడ్రియాటిక్ తీరంలోని చెజెనాటికో. ఊరంతా చదునే. కానీ సైకిలెక్కి లోపలికి కాస్త దూరం వెళ్తే అపెన్నైన్ కొండలు మొదలవుతాయి. ఆ కొండల్లో 1971 నుంచి ఏటా నోవే కొల్లి జరుగుతోంది. సుమారు 200 కిలోమీటర్ల దారిలో తొమ్మిది కొండలు, వేలమంది కలిసి తొక్కే యాత్ర. దాన్ని నడిపే ఫౌస్తో కోప్పి క్లబ్బులోనే పంతానీ చిన్నప్పుడు సైకిల్ పోటీలు నేర్చుకున్నాడు.

గుంపుగా తొక్కేటప్పుడు చదును నేల మీద ముందువాడి వీపు మనకు గాలి అడ్డు. ఎక్కుడు నిటారైతే ఆ చాటు పెద్దగా పనికిరాదు. వేగం పడిపోతుంది, బలానికి తోడు ఒంటి బరువే ఎక్కువ లెక్కకొస్తుంది, గుంపు ముక్కలవుతుంది. పంతానీ బరువు 57 కిలోలకు అటూ ఇటూ. అందరూ కూర్చుని రొప్పుతున్న చోట అతను సీటు మీంచి లేచి, హ్యాండిల్ కింది వంపులు పట్టుకుని పరుగులాగా తొక్కేవాడు. తలకు కట్టుకున్న గుడ్డ విప్పి పారేశాడంటే దాడి మొదలైనట్టే.

దెబ్బలు అతనికి కొత్త కాదు. 1995లో పోటీ దారిలోకి వచ్చిన జీపు గుద్ది కాలి ఎముకలు విరిగాయి. నడవగలిగితే చాలనుకున్న మనిషి 1998లో జిరో, టూర్ ద ఫ్రాన్స్ రెండూ ఒకే ఏడాది గెలిచాడు. ఆ టూర్‌లో గాలిబియే కనుమ మీద చలివానలో ఒంటరిగా దూసుకుపోయి, ఒక్క మధ్యాహ్నంలో ప్రత్యర్థి యాన్ ఉల్రిచ్‌ను దాదాపు తొమ్మిది నిమిషాలు వెనక్కి నెట్టాడు. ఆ జంట విజయం మళ్లీ 2024లో పొగాచార్‌కు గానీ ఎవరికీ దక్కలేదు.

నాకు మాత్రం అతని పేరు చెప్పగానే గుర్తొచ్చేది ఒరోపా కొండ. పతనానికి ఆరు రోజుల ముందు ఆ ఎక్కుడు మొదట్లోనే చెయిన్ పడిపోయింది. దిగి, దాన్ని సరిచేసుకుని ఎక్కేసరికి పోటీదారులంతా ముందుకు వెళ్లిపోయారు. జట్టువాళ్లు ఆగి తోడొచ్చారు, ఒక్కొక్కరే అలిసి పక్కకు తప్పుకున్నారు. ఆ తర్వాత దాటుకుంటూ పోయింది తనొక్కడే, 49 మందిని. అందరికన్నా ముందు శిఖరం చేరినా చేతులెత్తలేదు. ముందు ఇంకా ఎవరో ఉన్నారనే అనుకున్నాడు మరి.

మడోన్నాలో తీసిన రక్తంలో ఎర్ర కణాల వాటా 52 శాతమని తేలింది. అనుమతించిన హద్దు 50. ఈపీవో అనే మందు ఎర్ర కణాలను పెంచుతుంది, కండరాలకు ప్రాణవాయువు ఎక్కువ అందుతుంది. ఆ మందును నేరుగా పట్టుకునే పరీక్ష అప్పటికి లేదు కాబట్టి ఈ హద్దు పెట్టారు. హద్దు దాటడం మందు వాడాడన్న రుజువు కాదు, దానికి 15 రోజుల విరామం మాత్రమే. లోకం అలా చూడలేదు. గాయాల నుంచి ఎన్నోసార్లు లేచానని, ఈసారి లేవడం చాలా కష్టమని ఆ రోజు అతనే అన్నాడు. రెండో స్థానంలో ఉన్న సవోల్దెల్లి ఆ రోజు గులాబీ జెర్సీ వేసుకోనన్నాడు. ఆ ఏటి జిరో ఇవాన్ గోత్తీకి దక్కింది.

2000 టూర్‌లో మోఁ వాంతూ, కూర్షవెల్ కొండల మీద పంతానీ మళ్లీ గెలిచాడు. అవే చివరి విజయాలు. ఆపైన కోర్టులు, కుంగుబాటు, కొకెయిన్. 2004 ఫిబ్రవరి 14న, సొంతూరికి అట్టే దూరం లేని రిమిని హోటల్ గదిలో ఒంటరిగా చనిపోయి కనిపించాడు. అప్పటికి 34 ఏళ్లు.

అతని 1998 టూర్ నమూనాల్లో ఈపీవో ఉందని 2013లో ఫ్రెంచి సెనేట్ నివేదిక చెప్పింది. దాన్ని కాదనలేం, దాచనూ కూడదు. అయితే ఆ నివేదికలో పేరున్నది అతనొక్కడికే కాదు. మందు ఆ తరం గుంపంతటా పాకింది. డబ్బు చేసుకున్నవాళ్లు, చూసీ చూడనట్టు ఊరుకున్నవాళ్లు చాలామంది. వాళ్లలో చాలామంది ఆ తర్వాతా జట్లు నడిపారు, టీవీల్లో వ్యాఖ్యానం చెప్పారు. పంతానీకి తప్పు ఉంది, కానీ ఆ తప్పుకు ఇంత శిక్ష న్యాయం కాదు.