గూడుబండి నుండి క్యాంపర్ వ్యాను వరకు: పసిపిల్లల ఆసనము కథ

పసిపిల్లలతో దూరప్రయాణము చేసే కుటుంబానికి పగలు కూర్చోవడానికి, రాత్రి పడుకోవడానికి ఒకే బండి ఉంటే ఎంతో సౌకర్యము. నేడు ఈ అవసరానికి క్యాంపర్ వ్యాన్లు వచ్చినవి. వ్యానులోనే ఆసనాలు, పడక, పొయ్యి, నీళ్ళ తొట్టి అమర్చి ఉంటాయి. ఇది పాశ్చాత్యుల నుండి వచ్చిన కొత్త వేడుక అని పలువురు తలుస్తారు. కాని శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతాలలో గూడుబండి తరతరాలుగా చేసిన పని ఇదే. ఆ బండికీ ఈ వ్యానుకూ గల ముఖ్యమైన భేదము వేగము. ఆ ఒక్క భేదము వల్ల, పిల్లవానిని ఎక్కడ, ఏ దిక్కుకు మొగము పెట్టి కూర్చోబెట్టవలెనన్నది ప్రాణముతో ముడిపడిన ప్రశ్న అయినది. దానికి సమాధానము దొరికిన క్రమము తెలుసుకోదగినది.

గూడుబండిలో అమరిక

అరసవల్లి రథసప్తమికి, శ్రీముఖలింగము శివరాత్రికి, రామతీర్థానికి, విజయనగరము పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి, శంబర పోలమాంబ జాతరకు పల్లెల నుండి జనము బండ్లు కట్టుకొని వచ్చేవారు. వెదురుబద్దలను వంచి గూడు కట్టి, పైన చాపో తాటాకో కప్పి, లోపల వరిగడ్డి దట్టముగా పరచి, దానిపై బొంత వేసేవారు. బరువు బండితో ఎద్దులు గంటకు 3, 4 కిలోమీటర్లకు మించి నడవవు. బొబ్బిలి నుండి విజయనగరానికి 50 కిలోమీటర్లకు పైగా దూరము. కనుక దారిలో మామిడితోటలోనో, సత్రము దగ్గరనో ఒక రాత్రి మజిలీ తప్పేది కాదు. ఎద్దులను విప్పి, కాడి కింద కర్ర ఊత పెట్టి బండిని నిలబెడితే, పగటి ఆసనమే రాత్రి పడక అయ్యేది. మూడు రాళ్ళు పెట్టి పక్కనే వంట చేసుకొనేవారు.

ఈ బండిలో ఎవరు ఎక్కడ కూర్చోవలెనన్న దానికి కూడ ఒక శాస్త్రము ఉండేది. రెండు చక్రాల బండి ఒక తులాదండము వంటిది. ఇరుసు దానికి ఆధారబిందువు. బరువు ముందుకు ఎక్కువైతే కాడి ఎద్దుల మెడలను నొక్కుతుంది. వెనుకకు ఎక్కువైతే కాడి పైకి లేచి, పలుపులు ఎద్దుల గొంతుకు బిగుస్తాయి. అందుచేత పెద్దవారు ముందు వెనుకలకు సర్దుకొని, తల్లులు పిల్లలతో ఇరుసుకు దగ్గరగా నడుమ కూర్చునేవారు.  పిల్లలు ఏ దిక్కుకు తిరిగి కూర్చున్నా, తల్లి ఒడిలో పడుకున్నా చింత లేదు. బండి ఉన్నట్టుండి ఆగితే పిల్లవాడు ముందుకు తూలి గడ్డిమీద పడేవాడు, అంతే.

రైలుపెట్టె నేర్పిన అలవాటు

1893, 1896 సంవత్సరాల మధ్య ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే విజయవాడ నుండి కటకము వరకు నడక మొదలుపెట్టినది. విజయనగరము నుండి పార్వతీపురము మీదుగా రాయపూరు పోయే మార్గము 1931 నాటికి పూర్తి అయినది. శ్రీకాకుళము పట్టణానికి పోవలసినవారు ఆమదాలవలసలో దిగి, మళ్ళీ బండి ఎక్కేవారు. రైలుపెట్టెలో ఎదురెదురుగా బల్లలు వేసి ఉంటాయి. కుటుంబమంతా ఒకరి మొగము ఒకరు చూస్తూ, నడుమ సామాను పెట్టుకొని, పులిహోర మూట విప్పుకొని పోవచ్చును. పిల్లలతో ప్రయాణమంటే ఇట్లే ఉండవలెనన్న ఊహ ప్రజల మనసులలో అప్పుడు స్థిరపడినది.

రైలుకు ఈ అమరిక తగును. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే రైలు సుమారు 300 మీటర్లలో ఆగినదనుకొందాము. అప్పుడు కలిగే వేగక్షయము భూమ్యాకర్షణ త్వరణములో ఇరవైయవ వంతు మాత్రమే. 10 కిలోల బిడ్డ ముందుకు తూలే బలము అరకిలో బరువుకు సమానము. తల్లి ఒక్క చేతితో ఆపగలదు.

జీపు, మెటాడోరు

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత దేశములో జీపులు పెరిగినవి. మన్యపు దారులలో జీపు వెనుక భాగాన అటొకటి ఇటొకటి పొడుగుపాటి బల్లలు వేసి, జనము పక్కకు తిరిగి మోకాళ్ళు తగిలేటట్లు కూర్చునేవారు. 1969 లో బజాజ్ టెంపో సంస్థ మెటాడోరు వ్యానును, 1987 లో టెంపో ట్రావెలరును తయారు చేయనారంభించినది. పెండ్లిండ్లకు, తీర్థయాత్రలకు కుటుంబాలు బండ్లు కట్టడము మాని ఈ వ్యాన్లను కిరాయికి తీసుకొన్నవి. మద్రాసు, కలకత్తా నగరాలను కలిపే రహదారి స్వర్ణచతుర్భుజి పథకములో నాలుగు వరుసల బాట అయినది. భోగాపురము, రణస్థలము, నరసన్నపేట, టెక్కలి, పలాస ఒకదాని వెంట ఒకటి నిమిషాలలో దాటిపోసాగినవి.

బండి మారినది, బాట మారినది. కాని కూర్చునే అలవాటు మారలేదు. తల్లి ఒడిలో బిడ్డ, పక్కకు తిరిగిన బల్ల, ఎదురెదురు ఆసనాలు, నేలమీద పరచిన పరుపు: ఇవన్నీ ఎద్దుబండి నుండి, రైలుపెట్టె నుండి వచ్చి మోటారు వ్యానులో చేరినవి.

వేగము చేసిన మార్పు

కదిలే వస్తువు యొక్క గతిశక్తి దాని వేగపు వర్గానికి అనులోమముగా పెరుగుతుంది. గంటకు 4 కిలోమీటర్లు పోయే ఎద్దుబండికంటె 60 కిలోమీటర్లు పోయే వ్యాను 15 రెట్లు వేగము కలది. కనుక అందులోని పిల్లవాని గతిశక్తి 225 రెట్లు. దీనిని ఎత్తుగా మార్చి చూస్తే తేటపడుతుంది. ఎద్దుబండి వేగంతో వచ్చి గోడకు తగలడము 6 సెంటీమీటర్ల ఎత్తు నుండి పడడముతో సమానము. 60 కిలోమీటర్ల వేగంతో తగలడము సుమారు 14 మీటర్ల ఎత్తు నుండి, అనగా ఉద్దానములో బాగా ఎదిగిన కొబ్బరిచెట్టు మొవ్వు నుండి, పడడముతో సమానము.

ఆ వేగంతో పోయే వ్యాను గట్టిగా బ్రేకు వేసి 20 మీటర్లలో ఆగితే, 10 కిలోల బిడ్డ 7 కిలోల బలముతో ముందుకు తూలుతుంది. దీనిని కూడ తల్లి ఆపవచ్చును. కాని వ్యాను ఎదుటి లారీకి గుద్దుకొని, ముందు భాగము నలుగుతూ 60 సెంటీమీటర్లలో ఆగితే, ఆ బలము సుమారు 235 కిలోలు అవుతుంది. రెండు క్వింటాళ్ళకు పైబడిన ఈ బరువును సెకనులో పదవ వంతు కంటె తక్కువ కాలములో చేతులతో పట్టి ఉంచగల మనిషి లేడు. తల్లి ప్రేమ ఎంత గొప్పదైనా చేతి కండరాల శక్తికి హద్దు ఉన్నది. ఒడి అన్నిటికంటె క్షేమమైన చోటు అన్న అనుభవము ఎద్దుబండి వేగానికి మాత్రమే సత్యము.

దిక్కును గురించిన ప్రయోగాలు

అమెరికా వైమానిక దళములోని వైద్యుడు జాన్ పాల్ స్టాప్ 1947 డిసెంబరులో రాకెట్టుతో నడిచే బండి ఎక్కి, మానవ దేహము ఎంత వేగక్షయాన్ని ఓర్చుకోగలదో తన శరీరము మీదనే పరీక్షించనారంభించినాడు. తొలి ప్రయోగాలలో ఆయన వెనుకకు మొగము పెట్టి కూర్చున్నాడు. 1954 డిసెంబరు 10 న ముందుకు మొగము పెట్టి, పట్టీలతో బిగించుకొని, గంటకు సుమారు 1,017 కిలోమీటర్ల వేగము నుండి 1.4 సెకనులలో ఆగినాడు. కన్నులకు దెబ్బ తగిలినా బ్రతికినాడు. బలము దేహములో గట్టి భాగాల మీద విరివిగా పంచబడితే మనిషి తట్టుకోగలడని ఇట్టి ప్రయోగాల వల్ల తేలినది.

1959 లో స్వీడనులోని వోల్వో సంస్థ ఇంజనీరు నీల్స్ బోలిన్ భుజము మీదుగాను, తుంటి మీదుగాను పోయే మూడు బిందువుల బెల్టును రూపొందించినాడు. ఇది పెద్దల దేహానికి సరిపోయినది. పసిబిడ్డ దేహము వేరు. పెద్దవారిలో తల పొడవు దేహపు పొడవులో సుమారు ఎనిమిదవ వంతు. అప్పుడే పుట్టిన బిడ్డకు నాల్గవ వంతు. మెడ ఎముకలు ఇంకను మృదులాస్థిగా ఉంటాయి. ముందుకు మొగము పెట్టిన బిడ్డను బెల్టు పట్టి ఆపినా, బరువైన తల ముందుకు విసరబడి లేతమెడను లాగివేస్తుంది.

స్వీడను వైద్యుడు బెర్టిల్ ఆల్డ్‌మన్ దీనికి ఉపాయము కనిపెట్టినాడు. జెమినీ వ్యోమనౌకలో యాత్రికులు తమ వీపులతో త్వరణబలాన్ని భరించే తీరును చూచి, బిడ్డను వెనుకకు మొగము పెట్టి కూర్చోబెట్టే ఆసనాన్ని 1964 లో తయారు చేసినాడు. బండి గుద్దుకొన్నప్పుడు బిడ్డ తల, మెడ, వీపు ఒక్కసారిగా ఆసనపు వీపుకు ఆనుకొంటాయి. బలము వీపంతటా పరచుకొంటుంది. ఈ సూత్రాన్ని అనుసరించి స్వీడనులో పిల్లలను సుమారు 4 ఏండ్ల వరకు వెనుకకు మొగము పెట్టి కూర్చోబెట్టే ఆచారము ఏర్పడినది.

వాంతుల సమస్య

వెనుకకు తిరిగి కూర్చుంటే పిల్లలకు వాంతులు కావా అని తల్లులు అడగడము సహజము. సాలూరు నుండి కొరాపుట్ పోయే కనుమదారిలో ఈ బాధ తెలియనివారు అరుదు. లోచెవిలోని అర్ధవృత్తాకార నాళాలు మలుపును తెలుపుతుండగా, కన్ను మాత్రము కదలని బండి లోపలి భాగాన్ని చూస్తూ ఉంటే, మెదడుకు రెండు పరస్పర విరుద్ధమైన వార్తలు అందుతాయి. వికారానికి కారణము ఇదే. అయితే 2 ఏండ్లలోపు బిడ్డలకు ఈ బాధ చాల అరుదు. 2 నుండి 12 ఏండ్ల మధ్య ఎక్కువ. కనుక వెనుకకు మొగము పెట్టవలసిన పసిబిడ్డకు దాని వల్ల ఇబ్బంది అంతగా లేదు. పెద్ద పిల్లలకు ముందు అద్దములోనుండి దారి కనిపించే చోటు మేలు. ముందు వెనుక చక్రాల నడుమ కుదుపు తక్కువ. 

క్యాంపర్ వ్యానులో ఏ అమరిక?

1950 లో జర్మనీలో వోక్స్‌వ్యాగన్ వ్యాను తయారీ మొదలైనది. మరుసటి సంవత్సరమే వెస్ట్‌ఫాలియా సంస్థ ఆ వ్యానులో పెట్టి తీయదగిన మంచము, బల్ల, అరలు గల సామగ్రిని అమ్మకానికి తెచ్చినది. క్యాంపర్ వ్యానుల చరిత్రలో ఇది ప్రసిద్ధమైన ఘట్టము. మన దేశములోను కారవాన్ల మీద ఆసక్తి పెరుగుతున్నది. కేరళ ప్రభుత్వము 2021 లో వీటి కొరకు ప్రత్యేక విధానాన్ని ప్రకటించినది. ఇట్టి వ్యాన్లలో ముఖ్యముగా నాలుగు రకాల అమరికలు కనబడతాయి.

మొదటిది, గోడ వెంబడి పక్కకు తిరిగిన బల్ల. రాత్రి దీనిని పడకగా మార్చడము సులభము. కాని కనుమదారిలో గంటకు 30 కిలోమీటర్ల వేగంతో 20 మీటర్ల వ్యాసార్ధము గల మలుపు తిరిగితే, దేహపు బరువులో మూడవ వంతు బలము పక్కకు తోస్తుంది. ఒక మలుపులో వీపు గోడకు తగులుతుంది. మరుమలుపులో పిల్లవాడు బల్లమీది నుండి నేలకు జారుతాడు. గుద్దుకొన్నప్పుడు మెడ పక్కకు విరుగుతుంది. బెల్టు కడుపులోకి దిగుతుంది. పిల్లల ఆసనాన్ని దీనిమీద బిగించరాదు. ఐరోపా సంఘము 2005 నాటి నిబంధనలతో కొత్త కార్లలోను, చిన్న వ్యాన్లలోను ప్రయాణానికి వాడే పక్క ఆసనాలను మాన్పించినది.

రెండవది, రైలుపెట్టె పద్ధతిలో నడుమ బల్ల పెట్టిన ఎదురెదురు ఆసనాలు. ఇందులో ముందుకు చూచే వరుసకు మూడు బిందువుల బెల్టులు, వాటిని పట్టి ఉంచే ఉక్కుచట్రము ఉంటే పిల్లలను ఆ వరుసలో కూర్చోబెట్టవచ్చును. ప్రయాణములో ఎదుటి బల్లను తీసి కట్టివేయవలెను. లేనిచో పిల్లవాని తల దానికే తగులుతుంది.

మూడవది, వెనుక భాగాన ముందుకు చూచే ఒకే పొడుగు ఆసనము. దానిని చాపితే పడక అవుతుంది. ఇద్దరు చిన్నపిల్లలు గల కుటుంబానికి ఇది అనుకూలము. కాని రెండు పిల్లల ఆసనాలు బిగించిన తరువాత మూడవ మనిషికి చోటు మిగులుతుందా అన్నది కొలిచి చూచుకోవలెను. రాత్రి పడక వేయడానికి వాటిని విప్పవలెనన్న మాట కూడ మరువరాదు.

నాలుగవది, ముందుకు చూచే రెండు వరుసలు. పడక చిన్నదవుతుంది లేదా పై కప్పులోకి పోతుంది. అయినను ప్రతి మనిషికి ఒక ఆసనము, ఒక బెల్టు దొరకుతాయి. ఏడ్చే బిడ్డకు పక్కనే తల్లి ఉండగలదు. పసిపిల్లలు గల కుటుంబానికి ఈ అమరికయే శ్రేష్ఠము.

అమరిక ఏదైనా కొన్ని నియమాలు మారవు. బండి కదులుతుండగా పిల్లలను పడకమీద నిద్రపుచ్చరాదు. ముందు సీటు ఎదుట గాలిసంచి పనిచేస్తూ ఉంటే, అక్కడ వెనుకకు తిరిగిన పిల్లల ఆసనము పెట్టరాదు. సంచి పేలుతూ ఆ ఆసనాన్నే కొడుతుంది. పొయ్యి, గ్యాసుబండ, నీళ్ళ డబ్బాలు బిగించి ఉండవలెను. పట్టీ లేని పిల్లవానివలెనే అవి కూడ ముందుకు ఎగిరిపడతాయి. పిల్లవాడు 135 నుండి 150 సెంటీమీటర్ల ఎత్తు ఎదిగి, పెద్దల బెల్టు భుజము మీదను, తుంటి యెముక మీదను సరిగా కూర్చునే వరకు ఎత్తుపీట ఆసనము ఉండవలెను.

చట్టము కూడ ఈ మార్గాన నడచినది. 2019 లో సవరించిన మోటారు వాహనాల చట్టము ప్రకారము 14 ఏండ్లలోపు పిల్లలకు బెల్టు గాని, పిల్లల ఆసనము గాని లేకుండా బండి నడిపితే 1,000 రూపాయల జరిమానా. జరిమానా చిన్నదే, పైన చెప్పిన 235 కిలోల లెక్క మాత్రము చిన్నది కాదు. వ్యాను కొనేవారు గాని, తీర్థానికి కిరాయికి మాట్లాడుకొనేవారు గాని సాధారణముగా ఎందరు పడుకోవచ్చునని మొదట అడుగుతారు. ముందుకు చూచే ఆసనాలు ఎన్ని, మూడు బిందువుల బెల్టులు ఎన్ని, వాటికి పిల్లల ఆసనాలు బిగుస్తాయా అని మొదట అడిగి, ఆ సంఖ్య ఇంటిలోని మనుషుల సంఖ్యకు సరిపోయిన పిమ్మట పడకల సంగతి చూచుకొనుట మంచిది. పడక చాలకపోతే ఒక రాత్రి సత్రములో గడపవచ్చును.