పడవ నుంచి ఫ్రీ బస్సు దాకా

మగవాళ్ళు బయటికి వెళ్ళేముందు మామూలుగా రెండు లెక్కలు చూసుకుంటారు: ఎంతసేపు పడుతుంది, ఎంతవుతుంది. మనకి వాటితో పాటు ఇంకొన్ని ఉంటాయి. తోడెవరు? చీకటి పడేలోపు ఇంటికి చేరతామా? చంకలో పిల్లాడు, చేతిలో సంచీ ఉంటే ఎక్కగలమా? మా బెజవాడ చుట్టుపక్కల ఆడవాళ్ళ ప్రయాణాల చరిత్ర చూస్తే ఈ లెక్కలే కనిపిస్తాయి నాకు.

1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక, కాలవలు పొలాలకి నీళ్ళతో పాటు మనుషులకి దారి కూడా ఇచ్చాయి. బెజవాడలో పడవెక్కి ఏలూరు దాకా వెళ్తే అక్కణ్ణుంచి గోదావరి కాలవల్లోకి పోవచ్చు. అటువైపు కొమ్మమూరు కాలవ బకింగ్‌హామ్ కాలవలో కలిసి మద్రాసు దాకా దారి చూపేది. వానాకాలం నల్లమట్టిలో బండి చక్రం దిగబడిపోయేది కాబట్టి పడవే నయం. మా అమ్మమ్మ వాళ్ళమ్మ పురిటికి పుట్టింటికి వెళ్ళింది పడవలోనేనట. గట్టు మీద మనుషులు తాడు కట్టి లాగుతుంటే, కుదుపు లేకుండా లోపల పడుకుని వెళ్ళింది. ఎండాకాలం కాలవలు కట్టేస్తే మాత్రం గూడుబండే గతి. పెళ్ళిళ్ళన్నీ అప్పుడే కదా మరి!

1893లో కృష్ణ మీద రైలు వంతెన, 1899కల్లా మద్రాసు లైను వచ్చాయి. 1890 నాటి రైల్వే చట్టంలో ఒక మంచి మాట ఉంది. ప్రయాణికుల రైళ్ళన్నిటిలోనూ ఆడవాళ్ళకి కనీసం ఒక గది వేరుగా ఉంచాలి, 50 మైళ్ళు దాటి వెళ్ళే రైలైతే అందులో మరుగుదొడ్డి ఉండాలి. అది లేకపోతే ఆ రోజుల్లో ఎంతమంది ఇళ్ళల్లో ఆడవాళ్ళని రైలెక్కనిచ్చేవారో!

ఆ తర్వాత బస్సులు. 1962లో బెజవాడలో ఆడపిల్లల కోసం మేరిస్ స్టెల్లా కాలేజీ వచ్చింది. ఉయ్యూరు దగ్గర పల్లెలో ఉన్న మా పెద్దమ్మకి కాలేజీలో చేరాలని ఎంత ఆశో! కానీ సాయంత్రం బస్సు అడ్డరోడ్డు దగ్గర దింపేసరికి చీకటి పడిపోయేది. అక్కణ్ణుంచి ఊళ్ళోకి నడక. తాతయ్య వద్దన్నారు. కొన్నేళ్ళకి ఊళ్ళోకే బస్సు వేశారు. మా అమ్మ డిగ్రీ చదివింది. అమ్మకన్నా పెద్దమ్మే బాగా చదివేదని ఇప్పటికీ అమ్మే చెబుతుంది.

నా తరానికి గేరు లేని బళ్ళు వచ్చాయి. ముందు కైనెటిక్ హోండా, 1990లలో స్కూటీ. బటన్ నొక్కితే స్టార్టవుతుంది, చీరతో కూడా నడపొచ్చు, కూరల సంచీ కాళ్ళ దగ్గర పెట్టుకోవచ్చు. తోడు కోసం, బస్సు కోసం ఎదురుచూడటం తప్పింది. బండి కొనగలిగిన ఇళ్ళల్లో మాత్రమే అనుకోండి.

2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పథకం వచ్చింది. పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా అయిదు రకాల బస్సుల్లో మన రాష్ట్రం ఆడవాళ్ళు కార్డు చూపిస్తే డబ్బులు కట్టక్కర్లేదు. మా ఇంటికి పనికొచ్చే ఆవిడ అంతకుముందు షేర్ ఆటోకి రోజుకి 40 రూపాయలు పెట్టేది. ఇప్పుడు పొద్దున బస్సులో వస్తోంది. మిగిలింది కూతురి ట్యూషన్‌కి. రాత్రి ఏడు దాటితే మాత్రం ఆటోనే ఎక్కుతుంది.

"బస్సు ఫ్రీ కదా?" అన్నాను ఒకరోజు.

"ఆటో అయితే మా సందు మొదట్లో దింపుద్దమ్మా. బస్సు దిగితే చీకట్లో నడవాలి," అంది.

టికెట్టు లేకపోవడం చిన్న విషయమేం కాదు. ఆ 20 రూపాయలు కూడా మిగలాలంటే స్టాపు దగ్గర దీపం వెలగాలి, రాత్రిపూట ఇంకో రెండు బస్సులు ఉండాలి. మా పెద్దమ్మ చదువు ఆగిందీ అక్కడే.