సమాచార వలయాలు: పోటీ, సహకారం

వర్తకుల మధ్య, అమ్మేవారికీ కొనేవారికీ మధ్య కబురు నడిచే దారుల అల్లికే సమాచార వలయం. కబురు పెరిగితే సహకారం పెరుగుతుందని కొందరు, పోటీ పెరుగుతుందని కొందరు వాదించారు. చరిత్రలో రెండూ జరిగాయి. ఏ కబురు ఎవరికి చేరింది, విన్నవారికి దాన్నిబట్టి నడుచుకునే వీలుందా అన్నవే ఫలితాన్ని తేల్చాయి. ముందు సహకారం సంగతి. 11వ శతాబ్దపు మగ్రిబీ (ఉత్తర ఆఫ్రికా) యూదు వర్తకుల ఉత్తరాలు కైరో పాతబస్తీ ఫుస్తాత్‌లోని ప్రార్థనామందిరంలో భద్రంగా మిగిలాయి. దూరదేశపు ఏజెంటు చేతికి సరుకు వెళ్లాక అతడు మోసం చేయకుండా ఆపేదేమిటి? ఉత్తరాలేనని ఆర్థికవేత్త అవ్నర్ గ్రైఫ్ 1989లో వాదించాడు: ఒకరిని ముంచినవాడికి మిగతావారెవరూ పని అప్పగించరు. అంటే ధరలతో పాటు మనిషి నడత కూడా ఆ ఉత్తరాల్లో ప్రయాణించింది. ఆ వర్తకులు న్యాయస్థానాలనూ ఆశ్రయించేవారని జెరెమీ ఎడ్వర్డ్స్, షీలా ఓగిల్వీ 2012లో ఆక్షేపించారు. ఆక్షేపణ బలమైనదే. కానీ న్యాయస్థానానికి వెళ్లాలన్నా ముందు మోసం బయటపడాలి. సముద్రం ఇవతలి యజమానికి ఆ సంగతి చేర్చేది ఉత్తరమే.

ఉత్తర కేరళ తీరంలో కబురు పోటీని పెంచింది. ఫోన్లు రాకముందు సార్డిన్ చేపలు పట్టే పడవలు దాదాపు ఎప్పుడూ సొంత రేవులోనే అమ్మేవి. నడిసముద్రంలో ఉన్నవారికి పక్క రేవు ధర తెలిసేది కాదు. 1997 జనవరి 14న వడకరలో కొనేవారు లేక 11 మంది తమ చేపలను పారబోశారు. అదే ఉదయం 15 కిలోమీటర్ల లోపే ఉన్న రెండు రేవుల్లో 27 మంది కొనుగోలుదారులు చేపలు దొరక్క వెనుదిరగబోతున్నారు. రోజూ పట్టిన చేపల్లో 5 నుంచి 8 శాతం ఇలాగే పోయేది. మొబైల్ టవర్ల సిగ్నల్ సముద్రంలోకి 20 కిలోమీటర్లకు పైగా అందడంతో పడవలు ఒడ్డుకు రాకముందే ధర కనుక్కుని రేవు మార్చుకోసాగాయి. ఆర్థికవేత్త రాబర్ట్ జెన్సెన్ 2007లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఆ వృథా దాదాపు ఆగిపోయింది, మత్స్యకారుల లాభం సగటున 8 శాతం పెరిగింది, వినియోగదారులకు ధర 4 శాతం తగ్గింది. ఈ మార్పుకు వేరే కారణాలు ఉండొచ్చు కదా అనవచ్చు. కానీ టవర్లు కోళిక్కోడ్‌కు 1997లో, కన్నూరుకు 1998లో, కాసరగోడ్‌కు 2000లో వచ్చాయి. ఎక్కడికక్కడ టవరు వచ్చాకే మార్కెట్టు మారింది.

ఇంతకంటే లోతైన అభ్యంతరం పరిశోధకులు జానకి శ్రీనివాసన్, జెన్నా బరెల్‌లది. కేరళ తీరాన్ని మళ్లీ పరిశీలించి వారు 2013లో చెప్పింది ఇది: పెట్టుబడికి అప్పిచ్చిన దళారీకే చేపలు అమ్మాల్సిన మత్స్యకారులకు రేవు ఎంచుకునే స్వేచ్ఛ తక్కువ. ఇది జెన్సెన్ లెక్కలను కొట్టివేయదు, వాటి హద్దును చూపుతుంది. అందువల్ల రేవులో ఫోను తెచ్చిన మేలును లెక్కగట్టేవారు అక్కడి పడవల మీద ఉన్న అప్పును కూడా అడిగి తెలుసుకోవాలి.