సాగరతీరాన యుద్ధక్రీడ

యుద్ధం దూరాన ఉన్నంతవరకే వినసొంపుగా ఉంటుందని మన పెద్దలు ఏనాడో గ్రహించినారు. దూరమనగా స్థలదూరమే కాదు, కాలదూరం కూడ. కొన్ని తరాలు గడచిన పిమ్మట ఎంతటి ఘోరయుద్ధమైనా కథగా మారుతుంది. కథగా మారిన యుద్ధాన్ని తిరిగి కన్నులారా చూడవలెనన్న కోరిక మనిషికి కలుగుతుంది. ఉత్తుత్తి యుద్ధాలు, పూర్వపు రణరంగాల పునఃప్రదర్శనలు ఆ కోరికనుండి పుట్టినవే. విశాఖపట్నవాసులకు ఇది కొత్త విషయం కాదు. రామకృష్ణా బీచిలో నౌకాదళం వారు జరిపే విన్యాసాలను వేలాది కుటుంబాలు చూచి ఆనందించినవి. ఆ వేడుక వెనుక ఉన్న చరిత్రను ఒకసారి పరిశీలించడం ఉచితమని తలచినాము.

నీటిమీద ఉత్తుత్తి యుద్ధాలు జరిపించడం ప్రాచీన రోమనులకు పరిపాటి. క్రీ.పూ. 46లో జూలియస్ సీజరు రోము నగరంలో ప్రత్యేకంగా ఒక కొలను త్రవ్వించి, అందులో ఓడల పోరు ఏర్పాటు చేసినాడు. క్రీ.పూ. 2లో ఆగస్టస్ చక్రవర్తి ఏథెన్సువారికిని పారసీకులకును జరిగిన పూర్వపు నౌకాయుద్ధాన్ని ప్రజల ఎదుట నడిపించినాడు. క్రీ.శ. 52లో క్లాడియస్ ఒక సరస్సుమీద జరిపించిన పోరులో 19,000 మంది పాల్గొన్నారని టాసిటస్ అనే చరిత్రకారుడు వ్రాసినాడు. వారు నటులు కారు, మరణశిక్ష పడిన ఖైదీలు. వేషాలు మాత్రమే కృత్రిమం. చిందిన నెత్తురు నిజమైనదే.

తరువాతి కాలంలో ఆ క్రౌర్యం తొలగి, క్రీడ మిగిలినది. 1824లో ప్రష్యా సైన్యం పటాలమీద చిన్న దిమ్మెలు కదుపుతూ ఆడే యుద్ధక్రీడను తన అధికారుల శిక్షణకు స్వీకరించినది. 1913లో హెచ్. జి. వెల్స్ అనే ఆంగ్ల రచయిత బొమ్మసైనికులతో ఇంటిలో ఆడుకొనే యుద్ధాన్ని గూర్చి ఒక పుస్తకమే వ్రాసినాడు. ఈ ఆట ఆడినవారికి అసలు యుద్ధం ఎంత అవివేకమైనదో తెలియకపోదని ఆయన అభిప్రాయం. ఆ మరుసటి యేడే మొదటి ప్రపంచయుద్ధం ఆరంభమైనది. ఆట నేర్పిన వివేకం దేశాలను ఏలేవారికి చేరలేదని మనం అనుకోవలసి వస్తుంది.

మన తెలుగుదేశంలో ఈ సంప్రదాయం భక్తితో ముడిపడి ఉన్నది. పన్నెండవ శతాబ్దిలో జరిగిన పలనాటి యుద్ధాన్ని కారెంపూడిలో నేటికీ యేటేటా స్మరిస్తారు. కార్తిక అమావాస్యనాడు ఆరంభమై అయిదు దినాలు సాగే ఈ వీరుల ఉత్సవంలో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఒక్కొక్క దినానికి ఒక్కొక్క పేరు. ఆయా దినాలలో కథలోని ఘట్టాలు వరుసగా నడుస్తాయి. వీరుల ఆయుధాలకు పూజలు జరుగుతాయి. మందపోరునాడు బ్రహ్మనాయుని చాపకూడును తలచుకొని, కులభేదం లేక అందరూ కలసి భుజిస్తారు. యుద్ధకథ నడుమ సహపంక్తి భోజనానికి చోటు కల్పించిన ఈ ఏర్పాటు మెచ్చుకొనదగినది. కత్తులతోపాటు ఆ కత్తులకు కారణమైన ఆశయాన్ని కూడ వారు గుర్తుంచుకొన్నారు.

దీనికి భిన్నమైనది కర్నూలు జిల్లా దేవరగట్టులో విజయదశమి రాత్రి జరిగే బన్ని ఉత్సవం. శివుడు రాక్షసులను సంహరించిన కథను పురస్కరించుకొని, మాళ మల్లేశ్వరస్వామి ఉత్సవవిగ్రహాల చుట్టూ గ్రామాలవారు కర్రలు పట్టి తలపడతారు. యేటా అనేకుల తలలు పగులుతున్నవి. కొన్ని యేండ్లలో ప్రాణాలు సైతం పోయినవి. ఉత్తుత్తి యుద్ధానికీ నిజమైన యుద్ధానికీ నడుమ గోడ ఎంత పలుచనిదో ఆ రాత్రి తెలుపుతుంది.

ఇక మన విశాఖ సంగతి. ఈ తీరాన నిజమైన నౌకాయుద్ధం ఒకటి 1804 సెప్టెంబరు 15న జరిగినది. ఫ్రెంచి నౌకాసేనాని లినోయ్ మూడు యుద్ధనౌకలతో వచ్చి, ఇక్కడ లంగరు వేసి ఉన్న సెంచూరియన్ అనే బ్రిటిషు యుద్ధనౌకమీదను, దానితో ఉన్న రెండు వర్తకనౌకలమీదను దాడి చేసినాడు. వర్తకనౌకలలో ఒకటి ఒడ్డుకు కొట్టుకొని పగిలిపోయినది, రెండవది ఫ్రెంచివారి చేత చిక్కినది. సెంచూరియన్ దెబ్బలు తిన్నా లొంగలేదు. తెలుగువారి కన్నుల ఎదుటనే ఫిరంగులు మ్రోగిన ఈ యుద్ధాన్ని మనలో తలచుకొనేవారు అరుదు. అదే 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధాన్ని బుర్రకథకులు తరతరాలుగా ఊరూరా గానం చేసినారు. ఒకటి పరాయివారి తగవు. రెండవది మనవారి చావు. ఏ యుద్ధాన్ని స్మరించవలెనో, దేనిని మరువవలెనో జనహృదయమే నిర్ణయిస్తున్నది.

రామకృష్ణా బీచిలో మనం చూచే విన్యాసాలు 1971 నాటి యుద్ధస్మృతికి చెందినవి. ఆ సంవత్సరం డిసెంబరు 4 రాత్రి మన క్షిపణి పడవలు కరాచీ రేవుపై దాడి చేసి విజయం సాధించినవి. అందుచేతనే ఆ దినం నౌకాదళ దినోత్సవమైనది. అయితే అంతకు ముందటి రాత్రి విశాఖ ముంగిటనే మరొక ఘట్టం నడిచినది. విక్రాంత్ విమానవాహక నౌకను ముంచవలెనని పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ ఇక్కడకు వచ్చి పొంచి ఉన్నది. విక్రాంత్ నిజానికి అండమాను దీవులలో ఉన్నది. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ పన్నిన ఉపాయం చిత్రమైనది. రెండవ ప్రపంచయుద్ధకాలం నాటి పాతనౌక రాజపుత్ చేత విక్రాంత్ వేషం వేయించినారు. పెద్ద నౌక పంపవలసిన తంతిరహిత సందేశాలను అది పంపినది. పెద్ద నౌకకు తగినంత ఆహారసామగ్రిని విశాఖ వర్తకుల వద్ద కొన్నారు. అనగా ఆ విజయంలోనే ఒక ఉత్తుత్తి నాటకం ఇమిడి ఉన్నది.

డిసెంబరు 3, 4 తేదీల నడిరేయి ఘాజీ ప్రేలి మునిగిపోయినది. రాజపుత్ విడిచిన జలాంతర బాంబులే కారణమని మనవారన్నారు. ప్రమాదవశాత్తు ప్రేలినదని పాకిస్తానువారన్నారు. దానిలోని తొంబదిమందికి పైగా నావికులలో ఒక్కరూ బ్రతుకలేదు. ఆ శిథిలం నేటికీ మన తీరానికి చేరువనే సముద్రగర్భంలో ఉన్నది. అదే యుద్ధంలో, డిసెంబరు 9న, మన ఖుక్రీ నౌక అరేబియా సముద్రంలో మునిగినది. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లాతో సహా 18 మంది అధికారులు, 176 మంది నావికులు నేలకొరగినారు.

విన్యాసాలలో ఈ చావులు కనబడవు. హెలికాప్టరునుండి త్రాళ్ళమీద జారే మెరైన్ కమాండోలు, ఒడ్డుమీద శత్రుస్థావరంగా ఏర్పరచిన కట్టడం ప్రేలుడు, విమానాల వరుసలు, చీకటి పడగానే నౌకలపై వెలిగే దీపమాలికలు మాత్రమే కనబడతాయి. 2022 డిసెంబరు 4న రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము స్వయంగా ఇక్కడ వాటిని తిలకించినారు. ప్రధానోత్సవం 2023లో సింధుదుర్గానికి, 2024లో పూరీకి తరలినప్పటికీ, 2025 జనవరి 4న విశాఖ ప్రజలు మళ్ళీ విన్యాసాలు చూడగలిగినారు. దానికి రెండు దినాల ముందు, అభ్యాససమయంలో ఇద్దరి పారాచూట్లు గాలిలో చిక్కుపడి, వారు సముద్రంలో పడినారు. పడవలవారు వెంటనే రక్షించినారు. చూచేవారికి వినోదమైనా చేసేవారికి అది ప్రాణాలకు తెగించిన పని అని ఈ సంఘటన చాటినది.

అట్లని విన్యాసాలు వద్దనడం మా ఉద్దేశం కాదు. తనను కాపాడేవారి సామర్థ్యాన్ని ప్రజ కన్నులారా చూడడం మంచిదే. కాని స్మరణ అక్కడితో ఆగరాదు. అమెరికాలో గెటీస్‌బర్గు యుద్ధం జరిగిన ఏబదేండ్లకు, 1913లో, ఇరుపక్షాల వృద్ధసైనికులు అదే రణరంగంలో కలిసినారు. ఒకప్పుడు తుపాకులు పట్టి ఎదురెదురుగా నిలిచిన రాతిగోడ వద్దకు ఒకరివైపు ఒకరు నడచి వచ్చి, గోడమీదుగా చేతులు కలుపుకొన్నారు. పునఃప్రదర్శనకు అంతకంటె ఉదాత్తమైన ముగింపు ఉండదని మేము తలుస్తాము.

శ్రోతలకు మా మనవి ఒక్కటే. విన్యాసాలకు పిల్లలను తీసికొనిపోయినవారు మరునాడు అదే బీచిలో ఉన్న కుర్సురా జలాంతర్గామిని కూడ వారికి చూపించవలె. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విశ్రమించి, 2002నుండి ప్రదర్శనశాలగా ఉన్నది. ఆ ఇరుకు దారులలో నడుస్తూ, నీటి అడుగున మనుషులు ఎట్లా బ్రదికినారో పిల్లలకు చెప్పవలె. అట్టి ఇనుపగదులలోనే ఘాజీ నావికులు మరణించినారనీ, సముద్రంలోనే ఖుక్రీ వీరులు కన్నుమూసినారనీ, ఇరువురికీ ఇండ్లవద్ద ఎదురుచూచిన తల్లులు ఉన్నారనీ చెప్పవలె. అప్పుడు వారికి ముందునాటి సాయంకాలపు వెలుగులతోపాటు ఆ వెలుగుల విలువ కూడ తెలుస్తుంది.