పరంగిచెక్క - మానుపసుపు

తపతీతీరమున నున్న సూరతు మొగలాయిల కాలమున పశ్చిమ సముద్రపు వర్తకమునకు ప్రధాన ద్వారము. 1613లో ఆంగ్లేయులు అచ్చట వర్తకస్థానమునకు చక్రవర్తి అనుమతి పొందిరి. ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే సూరతునుండి గోలకొండకు గల బాటను సవివరముగా వర్ణించెను. సరకులతోపాటు పేర్లును బాటలవెంట నడచును.

పశ్చిమతీరమునకు ఓడలపై వచ్చిన చీనా మందులలో ఒక దుంప మిక్కిలి ప్రసిద్ధము. 1563లో గోవాలో అచ్చయిన గార్సియా ద ఓర్తా గ్రంథమున దానికొక ప్రకరణమే కలదు. సంస్కృత వైద్యగ్రంథమైన భావప్రకాశము దానిని ద్వీపాంతరవచగా గ్రహించెను. చోప్‌చీనీ యను పేరు దాని జన్మదేశమును నిలుపుకొనెను. తెలుగు మాత్రము పరంగిచెక్క యనెను. చీనా దుంప పరంగివాని పేరు దాల్చుటలో ఒక వర్తకచరిత్ర యంతయు ఇమిడియున్నది.

మధుమేహ విషయమున ఈ రెండు దేశముల వైద్యము మరియొకచోట కలిసినది. ఆయుర్వేదము ప్రమేహమునకు దారుహరిద్రను, అనగా మానుపసుపును, విధించెను. అతిదాహము లక్షణముగా గల వ్యాధికి చీనా వైద్యులు హువాంగ్‌లియన్ అను చేదువేరును వాడిరి. మొక్కలు వేరైనను రెండింటిలోని పసుపువన్నె పదార్థ మొక్కటే: బెర్బెరిన్. 1988లో చీనా వైద్యులు అతిసారమునకు దీనిని పుచ్చుకొన్న మధుమేహరోగులకు రక్తమున చక్కెర తగ్గుట గమనించిరి. 2008లో వెలువడిన షాంఘై పరీక్షలో 36 మందిపై దీనిని మెట్‌ఫార్మిన్‌తో పోల్చిచూడగా ఫలితములు సమీపముగా నుండెను. అయినను 36 మంది సాక్ష్యము ఆశకు చాలును, నిర్ణయమునకు చాలదు.

ఆ మెట్‌ఫార్మిన్ చరిత్రయు మొక్కతోనే ముడిపడినది. యూరపులోని గెలీగా మొక్కయందలి సారము చక్కెరను తగ్గించినను విషగుణము వీడదయ్యెను. దానికి చుట్టమైన మెట్‌ఫార్మిన్‌ను 1922లో డబ్లిన్‌లో రసాయనికముగా నిర్మించిరి. 1957లో ఫ్రాన్సున స్టెర్న్ అను వైద్యుడు దానిని మధుమేహ చికిత్సకు ప్రకటించెను. మొక్క చూపినది దారి మాత్రమే. మందై నిలచినది పరీక్షకు ఆగినది.

పేరు తడబడిన నెంత కీడో 1993లో బెల్జియము చూపెను. బరువు తగ్గుటకై ఇచ్చిన చీనా మూలికలలో, పేరు పోలికవలన ఒక వేరునకు బదులు మరియొక వేరు చేరి, పలువురు స్త్రీల మూత్రపిండములు చెడిపోయెను.

నేడు సూరతు మరమగ్గములయొద్ద తెలంగాణమునుండి వెళ్లిన పద్మశాలీలు అనేకులు జీవించుచున్నారు. వారిలో మధుమేహము సోకినవాడు ఆకుపొడిని నమ్మి ఇన్సులిన్ మానినచో, పూర్వుల కీర్తి వాని ప్రాణమును కాపాడజాలదు. పూర్వులు గమనించిరి, గమనించినదానిని వ్రాసిపెట్టిరి. ఆ వ్రాతను పరీక్షింపక నమ్ముటయు, పరీక్షింపక త్రోసిపుచ్చుటయు వారి శ్రమకు సమానమైన అపచారములు.