ఓటు చీలుతుందన్న భయం

1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని నరికి చంపారు. (2014లో హైకోర్టు నిందితుల్ని వదిలేసింది, అది వేరే కథ.) 1994 డిసెంబరు ఎన్నికల్లో కాన్షీరాం బహుజన సమాజ్ పార్టీ రాష్ట్రంలో కాంగ్రెస్, తెలుగుదేశాల కోటల్లో పోటీకి దిగింది. ఏడాది ముందే ఉత్తరప్రదేశ్‌లో ములాయంతో కలిసి గద్దెనెక్కిన పార్టీ అది. ఇక్కడ ఒక్క సీటూ రాలేదు. తెలుగుదేశానికి 216 వచ్చాయి. ఏనుగుకేస్తే ఓటు వృథా అన్న లెక్క దళితవాడలోనూ మన సాయిబుల వీధిలోనూ ఒకటే. పొలం, కూలి, అప్పు ఎవరి చేతిలో ఉంటే ఆ లెక్క నేర్పేదీ వాళ్లే. 2008 పునర్విభజనలో, చుండూరు ఉన్న వేమూరు ఎస్సీ రిజర్వుడయింది. 2009 నుంచి గెలిచినవాళ్లు దళితులే, టిక్కెట్టిచ్చింది మాత్రం తెలుగుదేశం, ఒకసారి వైఎస్సార్ కాంగ్రెస్. మనకైతే ఆ రిజర్వుడు సీటూ లేదు, టిక్కెట్టు కోసం నిలబడాల్సింది మాత్రం ఆ గుమ్మాల ముందే.